తొలూకా వెళ్తున్నారా? మొదటి రోజే కొండెక్కకండి

పోయిన జనవరిలో డాలస్ నుంచి మనవాళ్ళ జంట ఒకటి శుక్రవారం రాత్రి మెక్సికో సిటీలో దిగారు. శనివారం పొద్దున్నే నెవాడో దె తొలూకా అనే అగ్నిపర్వతం మీదికి వెళ్ళిపోయారు. మంచు పడిన ఫోటోలు చూసి వచ్చిన ఆత్రం అది. సరస్సు దగ్గర ఆ అమ్మాయికి తలనొప్పి మొదలైంది. మాత్ర వేసుకుని ఇంకాస్త ముందుకు నడిచింది. తర్వాత వాంతులు, ఆపైన తూలి రాళ్ళ మీద పడింది. చెయ్యి విరిగింది. పక్కనున్న ఒక మెక్సికన్ కుటుంబం పట్టుకుని కిందికి దింపారు. ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఇలాంటి ఫోన్ రావడం ఇది మూడోసారి, అందుకే ఇది రాస్తున్నాను.

మూడుసార్లూ జరిగిన తప్పు ఒకటే: మొదటి రోజే కొండెక్కడం.

తొలూకా మెక్సికో సిటీకి పడమర 65 కిలోమీటర్ల దూరంలో ఉంది. టూరిస్టులు దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఊరే సుమారు 2,660 మీటర్ల ఎత్తులో ఉంది. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. నెవాడో శిఖరం 4,680 మీటర్లు, దాని బిలంలో ఉన్న సూర్య, చంద్ర సరస్సులు 4,200 మీటర్ల దగ్గర ఉంటాయి. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో 60 శాతమే.

అసలు మోసం రోడ్డుతోనే. బండ్లు దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళ్తాయి. నడిచి ఎక్కేవాడికి ఆయాసం వచ్చి ఒళ్ళే ఆగమంటుంది. బండిలో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు, దిగేసరికి ఆలస్యమైపోతుంది. రోజూ జిమ్‌కి వెళ్తాం, మాకేం కాదు అంటారు కొందరు. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బును వయసు, కండబలం ఆపలేవు. శరీరానికి అలవాటు పడే టైమ్ ఇవ్వడం ఒక్కటే మార్గం.

కాబట్టి కనీసం రెండు రాత్రులు ఊళ్ళోనో మెక్సికో సిటీలోనో పడుకున్నాకే కొండ. మీకు దొరికింది ఒక్క రోజే అయితే కొండ మానేయండి. ఊళ్ళో చూడ్డానికి చాలా ఉంది. కోస్మోవిత్రాల్ ఒక్కటి చాలు నా మటుకు. ఒకప్పటి మార్కెట్ భవనాన్ని 1980లో వృక్షోద్యానంగా మార్చారు. చిత్రకారుడు లియోపోల్డో ఫ్లోరెస్ రంగు గాజు పలకలతో గోడలూ కప్పూ నింపేశారు. ఎండ ఉన్న పూట వెళ్ళండి, ఆ వెలుగు మొక్కల మీద పడుతుంటే కదలబుద్ధి కాదు. సోమవారం పెట్టుకోకండి, ఇలాంటి చోట్లు చాలావరకు మూసి ఉంటాయి. తర్వాత పోర్తాలెస్ వసారాల కింద నెమ్మదిగా నడవండి. పక్కనే ఉన్న మెతెపెక్‌లో మట్టితో చేసే 'జీవవృక్షం' బొమ్మలు చూడండి. కలిష్త్లావాకాలోని గుండ్రటి వాయుదేవుడి గుడి మాత్రం గుట్ట మీద ఉంది, దాన్ని రెండో రోజుకు ఉంచుకోండి.

ఈ ఊరి పచ్చ చోరీసో అనే సాసేజ్‌ని పంది మాంసంతో చేస్తారు. శాకాహారులు బీన్స్ విషయంలోనూ పంది కొవ్వు కలిపారా అని అడగాలి.

కొండకు వెళ్ళే రోజుకు ఇవి:

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి దిగిపోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు మామూలే. పైన తలదాచుకోవడానికి చెట్టు కూడా ఉండదు.

ముందు రోజు రాత్రి మోస్కో ముట్టుకోకండి. ఇక్కడి నారింజ మద్యం అది, తియ్యగా ఉంటుంది, ఎంత తాగారో తెలియదు. నిద్రమాత్రలు వద్దు.

ఎత్తైన చోట్ల వచ్చే జబ్బుకు వాడే మాత్రలు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఊళ్ళోనే ఉండాలి.

మంచినీళ్ళు, టోపీ, చలికోటు. కుళాయి నీళ్ళు తాగద్దు.

సరస్సులో దిగద్దు.

మంచు పడిన రోజు దారి మూసేస్తే గేటు దగ్గర బతిమాలద్దు. వెనక్కి రండి.

తలనొప్పి మొదలైందా, అక్కడితో ఆపండి. మాత్ర వేసుకుని పైకి నడవద్దు. తగ్గకపోతే దిగండి.

వాంతి, తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం: ఒక్క నిమిషం కూడా ఆగద్దు. కిందికి. ఒంటరిగా పంపద్దు. అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయండి.

ఫోటో తీసుకుని దిగుదాం అనద్దు. టికెట్ డబ్బులు పోయాయి అనద్దు.

మళ్ళీ చెబుతున్నాను, విమానం దిగిన మర్నాడే కొండెక్కద్దు.