తవ్వకాల వార్త వస్తే ఏం చూడాలి?

కనబడిన ప్రతి తవ్వకం వార్త వెంటా పడొద్దు. ముందు ఒక ఊరు పట్టుకోండి. మాది గుంటూరు కాబట్టి నేను అమరావతి పట్టుకున్నాను. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో పాత తేదీలు రాసుకున్నాను. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడి బౌద్ధ స్థూపం దిబ్బ చూశాడు, 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. అక్కడ దొరికిన శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంకో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంకో వెళ్లాలి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అందుకే అమరావతి శిల్పం అని వార్త రాగానే, ఆ రాయి ఇప్పుడెక్కడుందో ముందు రాసుకుంటాను.

తర్వాత కాలం సంగతి. 'రెండు వేల ఏళ్ల నాటిది' అని హెడ్డింగ్ ఉంటే, దేన్నిబట్టి అన్నారో లోపల వెతకండి. కార్బన్ పరీక్ష బొగ్గుకి, ఎముకకి, గింజకి చేస్తారు, రాతి విగ్రహానికి కాదు. అక్షరాల తీరు చూసి చెప్పిన కాలమైతే సుమారు లెక్కే. శాసనంలోనే శక సంవత్సరం ఉంటే ఇక దిగుల్లేదు, దానికి 78 కలపండి. అమరావతిలో కోట వంశపు రాజు కేతరాజు శాసనం శక 1104 నాటిది, అంటే 1182. అందులో బుద్ధుడికి ఇచ్చిన దానాలు కూడా ఉన్నాయి. అప్పటికీ అక్కడ బుద్ధుడికి పూజలు జరుగుతున్నాయన్నమాట! ఒక్క తేదీ ఎంత చెబుతుందో చూడండి.

ఒకసారి ఒక పత్రికలో 'కొత్తగా బయటపడ్డ శాసనం' అని చదివి, సంబరపడి నలుగురికీ చెప్పాను. తీరా చూస్తే అది ఎప్పుడో అచ్చయినదే. అప్పట్నుంచి, శాసనాల పాఠాలు అచ్చువేసిన 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' సంపుటాలు చూడకుండా ఎవరికీ చెప్పను. తెలుగు శాసనాలకి పదో సంపుటం ముందు తీయండి. అందులో ఊళ్ల పాత పేర్లుంటాయి కాబట్టి విజయవాడ అని కాక, బెజవాడ అని వెతకాలి.

వీలైతే వెళ్లి చూడండి. ఆరుబయటి రాయైతే పొద్దున్నే వెళ్లాలి. ఎండ పక్కనుంచి పడ్డప్పుడు అక్షరం గాడిలో నీడ నిలుస్తుంది, 'మ'కీ 'వ'కీ తేడా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే రాయి ఉత్త బండలా ఉంటుంది. మండపం లోపలైతే ఫోన్ లైటు పక్కనుంచి పట్టండి. సుద్దముక్క రుద్దొద్దు, నూనె పుయ్యొద్దు. కొలత తెలిసేలా పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీసుకుని, ఊరు, మండలం, తేదీ అక్కడే రాసుకోండి.