గెలిచే ఆట ఆఖర్లో చేజారుతోందా? బుల్‌పెన్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

న్యూజెర్సీలోనో క్వీన్స్‌లోనో ఉంటూ న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టును అభిమానించే తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఆరు ఇన్నింగ్స్ దాకా ఆట మనదే. ఏడోది మొదలవుతుంది, బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటుంది, ఇక టెన్షన్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్లు హోమ్‌రన్ కొట్టగానే తిట్లన్నీ ఆ క్షణాన బంతి వేసినవాడికే. నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, చాలాసార్లు ఆ ఆట పోయింది అతని చేతుల్లో కాదు. అంతకు అరగంట ముందు మేనేజర్ తీసుకున్న నిర్ణయంలోనో, నెలల తరబడి పిచర్లను వాడిన తీరులోనో పోయింది. లోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం కొంచెం వివరం. బ్యాటర్‌కు బంతి వేసేవాడు పిచర్, ఆట మొదలుపెట్టే పిచర్ స్టార్టర్. అతని తర్వాత వచ్చేవాళ్లంతా రిలీవర్లు. వాళ్లు వార్మప్ చేసే చోటు బుల్‌పెన్, ఆ బృందానికీ అదే పేరు. చివర్లో వచ్చి ఆట ముగించేవాడు క్లోజర్. క్రికెట్‌లో డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడే గానీ ఒక పెద్ద తేడా ఉంది. ఐపీఎల్‌లో బుమ్రాతో ఆరో ఓవర్ వేయించి, పక్కన పెట్టి, మళ్లీ పద్దెనిమిదో ఓవర్‌కి బంతి ఇవ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఆట నుంచి తీసేసిన పిచర్ ఆ రోజుకి ఇక తిరిగి రాడు. పైగా 2020 నుంచి, దిగిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగిసేదాకా ఉండాలి. నిర్ణయం తప్పితే వెంటనే దిద్దుకునే వీల్లేదన్నమాట. మేనేజర్ మీద కోపం అంత ఎక్కువగా ఉండేది అందుకే.

సమస్య: "క్లోజర్ మళ్లీ ఆట పోగొట్టాడు"

ముందుగా చూడాల్సింది, అతను దిగేసరికి బేస్‌ల మీద ఎవరున్నారు, వాళ్లను అక్కడ నిలబెట్టింది ఎవరు అని.

2015లో కాన్సాస్ సిటీతో ఆడిన వరల్డ్ సిరీస్‌లో, అంటే టైటిల్ తేల్చే ఫైనల్‌లో, మెట్స్ క్లోజర్ జెయూరిస్ ఫమీలియా పేరున మూడు బ్లోన్ సేవ్‌లు ఉన్నాయి. అంటే కాపాడాల్సిన ఆధిక్యాన్ని మూడుసార్లు పోగొట్టుకున్నాడని లెక్క. ఆ లెక్క చూపించి అతన్ని ఎన్ని మాటలన్నారో! మొదటి ఆటలో అలెక్స్ గోర్డన్ కొట్టిన హోమ్‌రన్ అతనిదే, కాదనను. మిగతా రెండూ చూడండి. నాలుగో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్, మెట్స్ 3-2 ఆధిక్యం. మెట్స్ రిలీవర్ టైలర్ క్లిపర్డ్ ఇద్దరు బ్యాటర్లకు వాక్ (నాలుగు చెడ్డ బంతులతో ఉచితంగా దొరికే మొదటి బేస్) ఇచ్చాడు. అప్పుడు ఫమీలియాను పిలిచారు. అతను వేసిన బంతికి మెల్లగా నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతిని సెకండ్ బేస్‌మన్ డేనియల్ మర్ఫీ వదిలేశాడు. స్కోరు సమం.

అయిదో ఆట ఇంకా దారుణం. మెట్స్ స్టార్టర్ మాట్ హార్వీ ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు, 102 బంతులు వేశాడు, ఆధిక్యం 2-0. మేనేజర్ టెర్రీ కాలిన్స్ అతన్ని ఆపేద్దామనుకున్నాడు. హార్వీ ఒప్పుకోలేదు, సొంత మైదానం సిటీ ఫీల్డ్ మొత్తం అతని పేరే అరుస్తోంది, కాలిన్స్ మనసు మార్చుకున్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌కు వాక్, రెండో బ్యాటర్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్), 2-1. స్కోరు సమం చేయగల రన్నర్ రెండో బేస్ మీద ఉండగా, ఒక్క అవుట్ కూడా లేకుండా, ఫమీలియాకి బంతి ఇచ్చారు. అతను అడిగినట్టే రెండు గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే బంతులు) రాబట్టాడు. రెండో దానికి మొదటి బేస్‌లో అవుట్ దొరికింది, కానీ మూడో బేస్ నుంచి ఎరిక్ హాస్మర్ తెగించి ఇంటివైపు, అంటే పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ వైపు, పరిగెత్తాడు. ఫస్ట్ బేస్‌మన్ లూకస్ డూడా త్రో అడ్డదిడ్డంగా పోయింది. ఆట పన్నెండో ఇన్నింగ్స్‌లో 7-2తో, సిరీస్ దానితోపాటే పోయాయి. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందులో ఫమీలియా తప్పేమిటో నాకు ఎంత వెతికినా కనబడదు.

పరిష్కారం: క్లోజర్‌ను దించాలనుకుంటే ఇన్నింగ్స్ మొదట్లో, బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడే దించాలి. స్టార్టర్‌కు "ఒక్కణ్ణి బేస్ ఎక్కనిస్తే తీసేస్తా" అని చెప్పి పంపితే, మొదటి వాక్‌కే ఆ మాట మీద నిలబడాలి. అభిమానిగా మనం చేయాల్సింది, బ్లోన్ సేవ్‌ల అంకె చూసి తీర్పు చెప్పకపోవడం.

సమస్య: "ఈఆర్ఏ బాగానే ఉంది, అతను వస్తే మాత్రం ఓడిపోతున్నాం"

ఇది పై దానికి తిరగేసిన రూపం. ఈఆర్ఏ అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి పోగా, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఇచ్చే పరుగులు. ముందు పిచర్ వదిలి వెళ్లిన రన్నర్లు ఇంటికి చేరితే ఆ పరుగులు ముందువాడి ఖాతాలోకే పోతాయి. మూడు బేస్‌లూ నిండి ఉండగా వచ్చి, ముగ్గురినీ ఇంటికి రానిచ్చి, తర్వాత చక్కగా ముగ్గురిని అవుట్ చేసిన రిలీవర్ ఈఆర్ఏ మీద మచ్చ కూడా పడదు. అతనికి అప్పగించిన రన్నర్లలో ఎంతమంది స్కోరు చేశారో చూడండి, ఆ లెక్క విడిగా దొరుకుతుంది. అలాంటివాణ్ణి ఇన్నింగ్స్ మధ్యలో కాకుండా మొదట్లో దించడమే సరైన వాడకం.

సమస్య: "అందరికన్నా మంచి పిచర్ బంతి ముట్టకుండానే ఆట అయిపోయింది"

ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే రోగం.

2016 అక్టోబర్ 4, టొరంటో. బాల్టిమోర్ ఓరియోల్స్‌కు ఒక్క ఆటతో తేలే వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్స్ తొలి మెట్టు) పోటీ. వాళ్ల క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ ఏడాది 47 అవకాశాల్లో 47 సేవ్‌లు చేశాడు, ఈఆర్ఏ 0.54. స్కోరు 2-2, పదకొండో ఇన్నింగ్స్. మేనేజర్ బక్ షోవాల్టర్ బంతిని ఉబాల్డో హిమెనెజ్ చేతికిచ్చాడు. ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. సీజన్ అక్కడితో సమాప్తం. బ్రిటన్ ఒక్క బంతీ వేయలేదు.

మెట్స్‌కూ ఇలాంటిదే ఒకటి. 2019 జూన్ 23న చికాగోలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సెత్ లూగో తడబడుతున్నా, మేనేజర్ మికీ క్యాలవే క్లోజర్ ఎడ్విన్ డియాజ్‌ను పిలవలేదు. హావియర్ బాయెజ్ మూడు పరుగుల హోమ్‌రన్‌తో ఆట తిరగబడింది, 5-3తో ఓటమి. క్లోజర్ అంటే తొమ్మిదో ఇన్నింగ్స్ మూడు అవుట్లకే అన్న పట్టుదల ఆ ఏడాది ఎంత ఖరీదైందో చూడండి. మెట్స్ 86 ఆటలు గెలిచి, మూడే మూడు ఆటల తేడాతో ప్లేఆఫ్స్‌కు దూరమయ్యారు.

కారణం వెతికితే అది ఒక అంకె దగ్గర తేలుతుంది. చికాగో క్రీడా విలేకరి జెరోమ్ హోల్ట్జ్‌మన్ మొదలుపెట్టిన "సేవ్" అనే లెక్క 1969లో అధికారికమైంది. స్థూలంగా, మూడు పరుగులకు మించని ఆధిక్యంతో చివరి ఇన్నింగ్స్ వేసి గెలిపిస్తే సేవ్. 1980ల చివర్లో ఓక్లాండ్‌లో టోనీ లా రూసా డెనిస్ ఎకర్స్‌లీని ఎక్కువగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కే వాడి గెలిచాడు. ఆ పద్ధతి లీగ్ అంతా పాకింది. జీతాలు సేవ్‌లను బట్టి వచ్చాయి. దాంతో మేనేజర్లు ఆటలో ప్రమాదం ఎక్కడుందో చూడటం మానేసి, ఇన్నింగ్స్ నంబర్ చూసి పిచర్‌ను పిలవడం మొదలుపెట్టారు. బయటి ఊరి మైదానంలో స్కోరు సమంగా ఉంటే క్లోజర్‌ను ఆధిక్యం వచ్చేదాకా దాచాలన్నది ఆ అలవాటులో భాగమే. ఆతిథ్య జట్టు ఒక్క పరుగు చేస్తే ఆట ముగిసే చోట, రాని ఆధిక్యం కోసం దాచి ఏం లాభం?

పరిష్కారాన్ని అదే 2016 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా చేసి చూపించాడు. తన దగ్గరున్న గొప్ప రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ను క్లోజర్‌గా కట్టేయలేదు. బాస్టన్‌తో తొలి ఆటలో అయిదో ఇన్నింగ్స్‌లోనే దించాడు. తర్వాతి సిరీస్‌లో మిల్లరే అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. కాబట్టి ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు రెండు, మూడు, నాలుగో బ్యాటర్లు వస్తుంటే, మంచివాణ్ణి అప్పుడే పిలవాలి. తొమ్మిదిలో వచ్చే అయిదో, ఆరో, ఏడో బ్యాటర్లకు రెండో రిలీవర్ చాలు. పిచర్లు మాత్రం తమ వంతు ఎప్పుడో ముందే తెలియాలని కోరుకుంటారు, అది న్యాయమే. ఆ మాట ఆట మధ్యలో కాక మధ్యాహ్నమే చెప్పి ఉంచితే సరిపోతుంది.

సమస్య: "బాగా వేస్తున్నవాణ్ణి ఎందుకు తీశాడు?" లేదా "అలిసిపోయినవాణ్ణి ఎందుకు ఉంచాడు?"

రెండూ ఒకే చోట పుట్టిన బాధలు. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనే బ్యాటర్లు అతన్ని బాగా చదివేస్తారు, ఇది ఏళ్ల లెక్కల్లో రుజువైన సంగతి. 2003లో బాస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ దీన్ని పట్టించుకోలేదు. అమెరికన్ లీగ్ ఫైనల్‌లో యాంకీస్‌తో ఏడో ఆటలో 5-2 ఆధిక్యం ఉండగా, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కళ్లముందే తడబడుతున్న పేడ్రో మార్టీనెజ్ దగ్గరికి వెళ్లి మాట్లాడి, అతన్నే ఉంచి వెనక్కి వచ్చాడు. స్కోరు సమమైంది, పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్‌రన్. లిటిల్ ఉద్యోగం పోయింది.

2020లో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ అదే సూత్రాన్ని పట్టుకుని వేలాడాడు. వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో బ్లేక్ స్నెల్ 73 బంతులే వేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, 1-0 ఆధిక్యంలో ఉన్నాడు. ఆరో ఇన్నింగ్స్‌లో రెండో హిట్ పడగానే క్యాష్ అతన్ని తీసేశాడు. నన్నడిగితే తీయడంకన్నా పెద్ద తప్పు, ఎవర్ని దించాడన్నది. నిక్ ఆండర్సన్ అంతకు ముందు వరుసగా ఆరు ఆటల్లో పరుగులిచ్చి అలిసిపోయి ఉన్నాడు. మూకీ బెట్స్ డబుల్ కొట్టాడు, డాడ్జర్స్ 3-1తో టైటిల్ గెలిచారు.

అందుకే అడగాల్సిన ప్రశ్న "స్టార్టర్ అలిసిపోయాడా?" అన్నది ఒక్కటే కాదు. అలిసిన ఈ స్టార్టర్, ఇవాళ అందుబాటులో ఉన్న ఆ రిలీవర్, ఇద్దరిలో రాబోయే ముగ్గురు బ్యాటర్లకు ఎవరు నయం? ఈ పోలిక చేయకుండా తీసినా ఉంచినా అది గుడ్డి నిర్ణయమే.

సమస్య: "ఏప్రిల్‌లో అదరగొట్టారు, ఆగస్టులో చేతులెత్తేశారు"

కారణం అలసట. స్టార్టర్ అయిదు ఇన్నింగ్స్‌కే దిగిపోతే రోజూ నాలుగు ఇన్నింగ్స్ బుల్‌పెన్ మీద పడతాయి. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు, అందులో అయిదుగురు స్టార్టర్లు. మిగిలిన ఎనిమిది మంది 162 ఆటల బరువు మోయాలి. ఇంకొకటి ఎవరికీ కనబడదు. రిలీవర్ లేచి వార్మప్ చేస్తాడు, కూర్చోమంటారు, మళ్లీ లేపుతారు, చివరికి దించరు. ఆ బంతులు ఏ స్కోరు పట్టికలోనూ ఉండవు, భుజానికి మాత్రం తెలుస్తాయి.

2025 మెట్స్ కథ ఇదే. జూన్ 12న 45-24తో లీగ్ మొత్తంలో అందరికన్నా పైన ఉన్నారు. అదే రోజు స్టార్టర్ కోడై సెంగా గాయపడ్డాడు. మిగతా స్టార్టర్లు ఎక్కువసేపు నిలబడలేకపోయారు, భారమంతా బుల్‌పెన్ మీద పడింది. సీజన్ 83-79తో ముగిసింది. సిన్సినాటి కూడా అన్నే గెలిచింది, టైబ్రేకర్ వాళ్లదైంది. ఆఖరి రోజు మయామీ చేతిలో ఓడి ఇంటికి వచ్చారు.

పరిష్కారం మే నెలలోనే మొదలవ్వాలి. ఆరు పరుగులు వెనకబడిన ఆటలో మంచి రిలీవర్లను ముట్టుకోకూడదు. రెండు రోజులు వరుసగా వేసినవాడికి మూడో రోజు సెలవు, ఎంత దగ్గరి ఆటైనా సరే. ఒకసారి వార్మప్ చేయిస్తే దించాలి, లేదా ఆ రోజుకి వదిలేయాలి. సిరక్యూస్‌లోని ట్రిపుల్-ఏ (మెట్స్ కింది స్థాయి) జట్టు నుంచి తాజా చేతులు తెప్పించుకోవాలి, అయితే ఒకే ఆటగాణ్ణి సీజన్‌లో అయిదుసార్లకు మించి కిందికి పంపే వీల్లేదు కాబట్టి ఆ అవకాశాన్ని ఏప్రిల్‌లోనే ఖర్చు చేసుకోకూడదు.

సమస్య: "పోయినేడు సింహం, ఈ ఏడు ఇలా అయ్యాడేంటి?"

రిలీవర్ ఏడాదికి వేసేది అరవై, డెబ్బై ఇన్నింగ్సే. అరవై ఇన్నింగ్స్‌లో 20 పరుగులిస్తే ఈఆర్ఏ 3.00. ఒక్క చెడ్డ రాత్రి అవుట్ లేకుండా ఇంకో అయిదు ఇచ్చాడనుకోండి, 3.75 అవుతుంది. కాబట్టి స్ట్రైకౌట్లు తగ్గాయా, వాక్‌లు పెరిగాయా అన్నది ముందు చూడాలి.

డియాజ్ 2018లో సియాటిల్‌కు 57 సేవ్‌లు చేశాడు. 2019లో మెట్స్‌కు వచ్చి 58 ఇన్నింగ్స్‌లో 15 హోమ్‌రన్‌లు ఇచ్చాడు, ఈఆర్ఏ 5.59. కానీ అదే 58 ఇన్నింగ్స్‌లో 99 స్ట్రైకౌట్లు ఉన్నాయి. చేతిలో సత్తా పోలేదు, స్లైడర్ (పక్కకు వంగే బంతి) మాత్రం పడాల్సిన చోట పడటం లేదు. 2022లో అతని ఈఆర్ఏ 1.31. పాల్ సీవాల్డ్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2019 సెప్టెంబర్ 3న వాషింగ్టన్‌లో మెట్స్ 10-4 ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగానికి వెళ్లి 11-10తో ఓడిన ఆటలో, ఆ సగం మొదలుపెట్టింది అతనే, ముగించింది డియాజ్. మెట్స్ తర్వాత సీవాల్డ్‌ను వదిలేశారు. సియాటిల్ అతని ఫాస్ట్‌బాల్‌ను ఎత్తులో వేయించి, స్లైడర్ మార్పించింది. 2021లో నమ్మకమైన రిలీవర్, 2023లో అరిజోనా తరఫున వరల్డ్ సిరీస్‌లో క్లోజర్. అతన్ని బాగుచేయడం సాధ్యమే, మనవాళ్లే చేయలేదు.

సమస్య: "కొత్తవాళ్లను తెచ్చినా బాగుపడలేదు"

2025 జులై చివర్లో తెచ్చిన ర్యాన్ హెల్స్‌లీ అంతకు ముందు ఏడాది 49 సేవ్‌లు చేసినవాడు. మెట్స్ తరఫున ఈఆర్ఏ 7.20. చేతి కదలికను బట్టి ఏ బంతి రాబోతోందో బ్యాటర్లు ముందే పసిగడుతున్నారన్న మాట వచ్చింది. అలాంటప్పుడు వీడియో చూసి కదలిక సరిచేసేదాకా దగ్గరి ఆటల్లో అతన్ని దించకూడదు. పేరు చూసి ఎనిమిదో ఇన్నింగ్స్ ఇస్తూ పోవడం నాకు మింగుడుపడలేదు.

సమస్య: "నమ్మదగ్గవాళ్లు ఇద్దరే ఉన్నారు, అక్టోబర్ వచ్చేసింది"

2019 వాషింగ్టన్ నేషనల్స్ బుల్‌పెన్ ఈఆర్ఏ 5.6 పైనే, నేషనల్ లీగ్‌లో అందరికన్నా అధ్వానం. టైటిల్ మాత్రం వాళ్లదే. మేనేజర్ డేవ్ మార్టినెజ్ ప్లేఆఫ్స్‌లో భారమంతా స్టార్టర్ల మీద, డేనియల్ హడ్సన్, షాన్ డూలిటిల్ మీద పెట్టాడు. వైల్డ్ కార్డ్ ఆటలో స్టార్టర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ రిలీవర్‌గా మూడు ఇన్నింగ్స్ వేశాడు. వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో మాక్స్ షెర్జర్ అయిదు, మరో స్టార్టర్ ప్యాట్రిక్ కార్బిన్ మూడు, హడ్సన్ ఒకటి. తొమ్మిది ఇన్నింగ్స్ ముగ్గురితో సరి. ఆటల మధ్య సెలవులుండే అక్టోబర్‌లోనే ఇది కుదురుతుంది. జులైలో ప్రయత్నిస్తే వారం తిరిగేలోగా స్టార్టర్ల చేతులు కూడా పోతాయి.