దసరాకు కొనాలా, ఇంకా ఆగాలా? విండోస్ గడువును బట్టి కంప్యూటర్ కొనే లెక్క

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ సిస్టంలేమీ ఆగిపోలేదు. రోజూ ఆన్ అవుతున్నాయి, టాలీ తెరుచుకుంటోంది, బ్యాంకు సైట్లు వస్తున్నాయి. అందుకే చాలామంది కొత్తది కొనే పని వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఇళ్లలో వాడే సిస్టంలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏడాది అదనపు గడువు, అంటే ఈఎస్‌యూ, 2026 అక్టోబర్ 13 వరకే. ఆ రోజు దసరా నవరాత్రుల్లోనే పడుతోంది. గడువూ పండగ ఆఫర్లూ ఇలా దగ్గర దగ్గరగా రావడం అరుదు. ముందే లెక్క వేసుకున్నవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

గడువు దాటిన మర్నాడే కొంప మునగదు. మైక్రోసాఫ్ట్ భద్రతా ప్యాచ్‌లను నెలనెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అక్టోబర్ 13 అలాంటి మంగళవారమే, ఈఎస్‌యూ ఉన్నవాళ్లకు చివరి ప్యాచ్ అదే. తర్వాతి రెండో మంగళవారం నవంబర్ 10. ఆ రోజు విండోస్ 11లో ఏయే లోపాలు సరిచేశారో లోకానికంతా తెలిసిపోతుంది. రెండు విండోస్‌లలో చాలా కోడ్ ఒకటే. ఆ ప్యాచ్‌ను విప్పి చూసే హ్యాకర్‌కు విండోస్ 10లో అదే లోపం ఎక్కడుందో దారి దొరుకుతుంది, దాన్ని సరిచేసేవాళ్లు మాత్రం ఇక ఉండరు. ప్రమాదం అక్కడ మొదలై నెలనెలా పెరుగుతుంది. కాబట్టి మీ ఆఖరి తేదీ నవంబర్ 10 అనుకోండి. దీపావళి దానికి రెండు రోజుల ముందు, 8న.

యాంటీవైరస్ ఉందిగా అని ధీమా వద్దు. విండోస్ 10తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు అప్‌డేట్లు 2028 అక్టోబర్ వరకు వస్తాయన్నది నిజమే. కానీ అది తెలిసిన వైరస్‌ను పట్టుకుంటుందే తప్ప విండోస్‌లో ఉన్న లోపాన్ని సరిచేయలేదు.

ముందు, ఉన్నది పనికొస్తుందేమో చూడండి

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రన్ బాక్సులో ఎంఎస్‌ఇన్ఫో32 అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. వచ్చిన విండోలో రెండు లైన్లు చూడాలి: ప్రాసెసర్, బయోస్ మోడ్ (బయోస్ అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాం).

ప్రాసెసర్ పేరే సగం విషయం చెప్పేస్తుంది. ఇంటెల్ ఐ5-8250యూలో గీత పక్కనున్న 8 దాని తరం. 8వ తరం, ఆపైవి విండోస్ 11కు అర్హం. ఐ5-7200యూ 7వ తరం, దానికి అర్హత లేదు (ఆ తరంలో మినహాయింపు దొరికినవి అతి కొద్ది). ఐ5-10400లో తరం 10. ఐ5-1135జీ7 దగ్గర చాలామంది పొరబడతారు. ఉన్నవి నాలుగు అంకెలే అయినా 1తో మొదలైంది కాబట్టి మొదటి రెండూ కలిపి చదవాలి: 11వ తరం. ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి అని అందరూ చెబుతారు గానీ, 2200జీ, 2400జీ, 2500యూ లాంటివి పాత డిజైన్‌వి కావడంతో జాబితాలో లేవు.

తర్వాత టీపీఎం, అంటే కంప్యూటర్ రహస్య కీలను భద్రపరిచే ఏర్పాటు. రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే వెర్షన్ 2.0 అని కనిపించాలి. టీపీఎం లేదని వచ్చినంత మాత్రాన కొత్త మదర్‌బోర్డు కొనాల్సిన పని లేదు. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకుని, దాన్ని సస్పెండ్ చేయండి. లేకపోతే రీస్టార్ట్ అవగానే 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ దగ్గర లేకుంటే డేటా చేజారే ప్రమాదం ఉంది.

బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే వరుస ముఖ్యం. ముందు డిస్కు విభాగాల పట్టికను పాత ఎంబీఆర్ పద్ధతి నుంచి కొత్త జీపీటీకి మార్చాలి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీకి బదులు కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ పెట్టాలి. తిరగేసి చేస్తే విండోస్ బూట్ కాదు. అలా జరిగితే కంగారు పడకండి, మళ్లీ లెగసీకి మారిస్తే తెరుచుకుంటుంది. డిస్కును మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్ 10లోనే ఉంది. డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటితే అది ముందుకు వెళ్లదు. సీ, డీ, ఈ అని ముక్కలు చేసి పెట్టిన సిస్టంలలో సాధారణంగా ఆగిపోయేది ఇక్కడే. ముందుగా బ్యాకప్ తీసుకోండి.

ఇవన్నీ కుదిరితే కొత్తది కొనాల్సిన పని లేదు. ర్యామ్ 8 జీబీకి పెంచి, హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే అదే సిస్టం మరికొన్నేళ్లు నడుస్తుంది. విండోస్ 10 అసలు లైసెన్స్ ఉంటే విండోస్ 11 ఉచితం.

అర్హత లేని సిస్టంలో కూడా విండోస్ 11 వేసిస్తామని కొందరు టెక్నీషియన్లు అంటారు. వేయొచ్చు, నడుస్తుంది కూడా. తిప్పలు తర్వాత వస్తాయి. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వార్షిక వెర్షన్‌కు 24 నెలలే సపోర్ట్: 24హెచ్2కు 2026 అక్టోబర్ 13 వరకు, 25హెచ్2కు 2027 అక్టోబర్ 12 వరకు. అర్హత లేని మెషిన్‌కు తర్వాతి వెర్షన్ దానంతటదే రాదు, ప్రతిసారీ మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. అప్‌డేట్లు ఇస్తామన్న హామీ కూడా మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పని చేసుకునే సిస్టంకు ఇది తగదు.

కొనేదాకా ఈఎస్‌యూ

అర్హత లేదని తేలితే, కొనే రోజు వరకు ఈఎస్‌యూలో చేరి ఉండండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ఎన్‌రోల్ నౌ అనే లింక్ ఉంటుంది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 1,000 రివార్డ్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన మొత్తం. ఒక లైసెన్స్‌ను అదే అకౌంట్‌తో 10 సిస్టంల దాకా వాడుకోవచ్చు. లింక్ కనబడటం లేదంటే సాధారణంగా కారణం ఈ రెండిటిలో ఒకటి: వెర్షన్ 22హెచ్2 కాకపోవడం, లేదా పాత అప్‌డేట్లు పెండింగ్‌లో ఉండిపోవడం. ఎంత ఆలస్యంగా చేరినా ముగింపు తేదీ మారదు.

కొనేటప్పుడు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సపోర్ట్ లెక్క మీ బిల్లు తేదీ నుంచి మొదలవదు. వారంటీ బిల్లు తేదీ నుంచి, సపోర్ట్ మాత్రం ఆ ప్రాసెసర్ పుట్టినప్పటి నుంచి. విండోస్ 11 వచ్చినప్పుడు 2021లో గీత 8వ తరం దగ్గర గీశారు. మళ్లీ గీత గీస్తే ముందు రాలిపోయేవి ఆ అంచున ఉన్నవే.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి అమ్మే) బిజినెస్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. కంపెనీలు పాతవి వదిలించుకునేకొద్దీ 6, 7 తరాలవి చవగ్గా వస్తాయి. మెషిన్ గట్టిదే, కీబోర్డు బాగుంటుంది, పైన విండోస్ 11 కూడా వేసి ఉండొచ్చు. అయినా 6, 7 తరాలవి ఎంత తక్కువకిచ్చినా వద్దు. 8వ తరంది కొనాలంటే ధర నిజంగా తక్కువ ఉండాలి. నిశ్చింతగా కొనాలంటే 11వ తరం, ఆపైవి. షాపులో కౌంటర్ మీదే మెషిన్ ఆన్ చేయించి ప్రాసెసర్ పూర్తి పేరు చదవండి, “ఐ5 అండీ” అంటే సరిపోదు.

పోల్చడానికి ఒక లెక్క చాలు: ధరను మిగిలిన సపోర్ట్ ఏళ్లతో భాగించండి. ఉదాహరణకు 18,000 రూపాయల పాత మెషిన్ రెండేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 9,000 పడుతుంది. 49,000 పెట్టిన కొత్తది ఏడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 7,000.

కొత్త పేర్లలోనూ పాత సరుకు ఉంటుంది. రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మూడో అంకె చూడాలి. 7520యూలో అది 2, అంటే జెన్ 2 (జెన్ అన్నది ఏఎండీ చిప్ డిజైన్ పేరు, పక్కన అంకె దాని తరం), చాలా పాత డిజైన్. 7530యూ జెన్ 3, 7540యూ జెన్ 4. స్టిక్కర్ మీద అన్నీ రైజెన్ 5 అనే ఉంటాయి. ర్యామ్ 16 జీబీ తీసుకోండి, ముఖ్యంగా బోర్డుకు సోల్డర్ చేసి ఉంటే, ఎందుకంటే తర్వాత పెంచే దారి లేదు. విండోస్ 12 కోసం మాత్రం ఆగొద్దు. దానికి తేదీ అంటూ ఏదీ ప్రకటించలేదు.

మ్యాక్ కొనేవాళ్లకు ఒక్క మాట: ఇంటెల్ మ్యాక్ సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చవకైనా వద్దు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోతోనే వాటికి కొత్త వెర్షన్లు ఆఖరు. క్రోమ్‌బుక్‌కు పదేళ్ల అప్‌డేట్లు ఉంటాయి గానీ, ఆ పదేళ్లూ ఆ మోడల్ ప్లాట్‌ఫాం విడుదల నుంచి లెక్క. మూడేళ్ల పాత మోడల్ కొంటే మిగిలేది ఏడే.

క్యాలెండర్

ఆగస్టులో పైన చెప్పిన పరీక్షలు చేసి, రెండు మూడు మోడళ్లు అనుకుని, వాటి ఆనాటి ధర రాసిపెట్టుకోండి. పండగ ఆఫర్‌లో కొట్టేసి చూపించే ఎంఆర్‌పీతో కాదు, ఈ ధరతో పోల్చుకోవాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఆఫర్లు పాత సంవత్సరాల్లా ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. సెప్టెంబర్‌లోనే మీకు సరిపడే ధర కనిపిస్తే తీసేసుకోండి. దీపావళి దాకా లాగితే డేటా మార్చుకోవడానికి సమయం మిగలదు. కనీసం రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండాలి.

ఆ రెండు వారాల్లో తేలాల్సింది డ్రైవర్ల (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి. పాత ప్రింటర్, వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ కొత్త సిస్టంలో పనిచేస్తున్నాయా అన్నది జీఎస్‌టీ రిటర్న్ ఆఖరి రోజుకు ముందే తెలియాలి. ఇంటెల్, ఏఎండీ కాకుండా ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్ ఉండే స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు మరీ జాగ్రత్త. దానికి ఏఆర్‌ఎం డ్రైవర్లే కావాలి, పాత పరికరాలకు చాలావాటికి అవి ఉండవు.

డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల ఫైళ్లు ఇంకా పాత విండోస్ మీదే నడుస్తుంటాయి. ఆ సిస్టంను పారేయక్కర్లేదు. నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆఫ్ చేసి, టైపింగుకే ఉంచండి. మెయిల్, వాట్సాప్, చెల్లింపులు కొత్త సిస్టంలో. ఫైళ్లు ఇటూ అటూ మార్చే పెన్‌డ్రైవ్‌ను కొత్త సిస్టంలో స్కాన్ చేశాకే పాతదానికి పెట్టండి.