ఇంట్లో ప్రింట్ చేసిన ఫొటో వెలిసిపోకూడదంటే ఏ పేపరు కొనాలి?

చెన్నైలో మా ఇంటి హాల్లో, కిటికీకి ఎదురుగా అమ్మమ్మ ఫొటో పెట్టాం. చవకగా దొరికిన గ్లాసీ పేపరు మీద ఇంట్లోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌తో నేనే వేశాను. ఏడాది తిరిగేసరికి ఆవిడ నీలం చీర వెలిసిపోయింది, ముఖం ఎర్రగా మారింది. చాలా బాధేసింది. ఆ తర్వాతే పేపరు సంగతి పట్టించుకున్నాను.

ముందు మీ ప్రింటర్‌లో ఏ ఇంకు ఉందో చూడండి, పేపరు తర్వాత. డై ఇంకు అంటే నీళ్లలో కరిగిన రంగు. పిగ్మెంట్ అంటే సన్నటి రంగు రేణువులు, అందుకే అది ఎండకీ గాలికీ ఎక్కువ తట్టుకుంటుంది. ఇళ్లలో వాడే చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నలుపు మాత్రమే పిగ్మెంట్, మిగతా రంగులు డై. మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఇక పేపరు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో అడిగితే "ఎన్ని జీఎస్ఎమ్?" అంటారు. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువు అని, అంతే; దానికీ ఫొటో మన్నికకీ సంబంధం లేదు. ప్యాకెట్ మీద మైక్రోపోరస్ అని ఉంటే ఇంకు వెంటనే ఆరుతుంది, చెయ్యి తగిలినా అంటుకోదు, కానీ ఆ పేపరు మీది పూతలో ఉండే సన్నటి రంధ్రాల గుండా గాలిలోని ఓజోన్ చొరబడి డై రంగుల్ని తినేస్తుంది, కాబట్టి డై ప్రింటర్ ఉన్నవాళ్లు ఆ ప్రింటుని గాలికి వదలకుండా అద్దం వెనకో ఆల్బమ్‌లోనో పెట్టాల్సిందే.

ఆల్బమ్‌కైతే ఆర్‌సీ పేపరు చాలు, అంటే కాగితానికి రెండు వైపులా పాలిథీన్ పొర ఉండేది. మూల కొంచెం చింపితే ఆ పొర కనిపిస్తుంది. తరతరాలు ఉండాల్సిన ఫొటో అయితే యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని), నూరు శాతం కాటన్ పేపరే తీసుకోండి. ఖరీదే, కానీ ఒక్క ఫొటో కోసం ప్యాకెట్ మొత్తం కొనక్కర్లేదు, పిగ్మెంట్ ప్రింట్లు వేసే ల్యాబ్‌లో వేయించుకోవచ్చు.

మరీ తెల్లగా మెరిసే పేపరుకి మోసపోకండి. ఆ తెలుపు కోసం కలిపే బ్రైట్‌నర్లు వెలుతురుకి శక్తి కోల్పోతాయి, పేపరు పసుపుకి తిరుగుతుంది. దొంగనోట్లు చూసే లైటు కింద పెట్టండి: నీలంగా వెలిగిందంటే బ్రైట్‌నర్లు దండిగా ఉన్నట్టే.

కొన్నాక ఒక ఫొటో వేసి రెండు ముక్కలు చేయండి. ఒకటి బీరువాలో పుస్తకం మధ్య, ఇంకోటి ఎండ పడే కిటికీలో. నెలా రెండు నెలలాగి పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఇంకూ పేపరూ ఎలా కలిశాయో తెలిసిపోతుంది.

అసలు ప్రింటుని ఒక రోజంతా ఆరనివ్వండి. ఫ్రేములో అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు, అంటే ఫొటో చుట్టూ వచ్చే దళసరి అట్ట, పెట్టించండి, లేకపోతే మన ఉక్కకి ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది, మళ్లీ ఊడదీయలేం. చెమ్మెక్కే గోడ మీదా వద్దు. మిగిలిన షీట్లని జిప్ కవర్లో బల్లపరుపుగా పెట్టుకోండి, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో, ఎందుకంటే చెమ్మకి వంకర తిరిగిన షీటు ప్రింటర్ హెడ్‌కి రాసుకుంటుంది.