ఇయర్‌ఫోన్స్‌లో బేస్ రావట్లేదా? ముందు టిప్ మార్చి చూడండి

మూడు నాలుగు వేలు పోసి ఇయర్‌ఫోన్స్ కొంటాం. తీరా పెట్టుకుంటే డోలు దెబ్బ వినపడదు, సన్నాయి మాత్రం చెవులు కోస్తుంది. చాలాసార్లు తప్పు చివర తొడిగిన రబ్బరు టిప్‌దే. అది చెవి రంధ్రాన్ని గాలి దూరకుండా మూయకపోతే ముందు పోయేది బేసే, అంటే డోలు లాంటి లోతైన మోతే. కాబట్టి ఈక్వలైజర్ (లోతైన, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) జోలికి అప్పుడే వెళ్లొద్దు.

1. సైజు చూడండి
డబ్బాలో సాధారణంగా మూడు సైజుల టిప్స్ ఇస్తారు. మధ్య సైజు తొడిగి ఉంటుంది, చాలామంది దాన్నే వాడేస్తారు. మూడూ పెట్టి చూడండి. కుడి చెవికి మధ్యది, ఎడమకు పెద్దది సరిపోవచ్చు, అందులో వింతేమీ లేదు. నొప్పి పుడితే పెద్దదైనట్టు, నమిలినప్పుడు జారితే చిన్నదైనట్టు.

2. పెట్టుకునే తీరు
అసలు కిటుకు ఇక్కడుంది. కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని కాస్త పైకి, వెనక్కి లాగండి. రంధ్రం తిన్నగా అవుతుంది. అప్పుడు టిప్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి పెట్టి చెవి వదిలేయండి. ఏదైనా మాట్లాడండి: మీ గొంతు మీకే బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టే. చెవి మీదుగా వైరు తిప్పే రకమైతే అలాగే తిప్పండి, చొక్కాకు వైరు రాసుకునే గరగర తగ్గుతుంది.

3. విని చూడండి
మీకు బాగా తెలిసిన సన్నాయి మేళం రికార్డింగ్ పెట్టండి. ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. డోలు ఒక్కసారిగా నిండుగా పలికిందంటే సీల్ (గాలి దూరని మూత) కుదరలేదన్నమాట, ఇంకో సైజు వేయండి. నొక్కినా తేడా లేదు, సన్నాయి ఇంకా కోస్తూనే ఉందా? అప్పుడు ఈక్వలైజర్‌లో పై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నని కీచు శబ్దాలు, కొంచెం తగ్గించండి.

నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద ఇంజిన్ మోతలో వింటే సీల్ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ వాల్యూమ్ బాగా పెంచాల్సి వస్తోందంటే టిప్ వదులన్నమాటే. కాలవ గట్టు మీద బండి నడిపేటప్పుడు మాత్రం రెండూ తీసి జేబులో వేసుకోండి.

4. ఉక్కపోతకు తగ్గట్టు
ఫోమ్ (స్పాంజి లాంటి) టిప్స్ బయటి చప్పుడును బాగా ఆపుతాయి, కానీ చెమట పీలుస్తాయి, త్వరగా పాడవుతాయి. మన కోనసీమ ఉక్కకు నా ఓటు సిలికాన్‌కే. వాడాక పొడిగుడ్డతో తుడవండి. వారానికోసారి టిప్ ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి. టిప్ తొడిగే గొట్టం చివరి జాలీలో గులిమి పేరుకుంటే ఒక పక్క శబ్దం తగ్గిపోతుంది. జాలీని కిందికి వంచి మెత్తని బ్రష్‌తో దులపండి. పిన్నీసు పెట్టి పొడవకండి, జాలీ చిరుగుతుంది.