గ్రహాల ఫొటో మసకగా వస్తోందా? ఆకాశాన్ని తిట్టే ముందు అద్దం వేడి చూడండి

టెలిస్కోప్‌తో గురుగ్రహాన్ని వీడియో తీశారు, ఫ్రేములు స్టాక్ చేశారు (ఒకదాని మీద ఒకటి కలిపారు), షార్పెన్ కూడా చేశారు. అయినా రెండు మసక పట్టీలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇలా అడిగిన ప్రతివాళ్లనూ నేను ముందు అడిగేది ఒకటే: రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఒక నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూశారా? చూశామనేవాళ్లు బహు తక్కువ. సాఫ్ట్‌వేర్ మారుస్తారు, కెమెరా మార్చాలా అని అడుగుతారు, గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే సెట్టింగ్) ఎంత పెట్టాలని అడుగుతారు. రెండు నిమిషాల్లో తేలిపోయే ఆ పరీక్ష మాత్రం చేయరు. మసక ఎక్కడి నుంచి వస్తోందో చాలావరకు అదే చెప్పేస్తుంది.

గ్రహాన్ని సెన్సర్ మీదికి తేవడం, ఫైర్‌క్యాప్చర్‌లోనో షార్ప్‌క్యాప్‌లోనో వీడియో తీయడం, ఆటోస్టాకర్ట్‌లో స్టాక్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ సమస్యకైనా ముందు: నక్షత్ర పరీక్ష

గ్రహానికి దగ్గర్లో, దాదాపు అంతే ఎత్తులో ఉన్న ఓ మోస్తరు వెలుగున్న నక్షత్రాన్ని ఫ్రేము మధ్యకు తెచ్చుకోండి. బార్లో (చిత్రాన్ని పెద్దది చేసే లెన్స్), కెమెరా ఫొటో తీసేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. ఫోకసర్‌ను కొద్దిగా తిప్పితే చుక్క కాస్తా వలయాలున్న బిళ్ల అవుతుంది. ఇప్పుడు రెండు విషయాలు చూడాలి.

మొదటిది ఆకారం. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి. ఒక పక్కకు ఒరిగి ఉంటే కొలిమేషన్ (అద్దాలు ఒకే వరుసలో ఉండటం) తప్పింది. ష్మిట్-కాసెగ్రెయిన్ (ముందు గాజుతో మూసిన ట్యూబ్) అయితే సెకండరీ (ముందున్న చిన్న అద్దం) మీది మూడు స్క్రూలు, న్యూటోనియన్ (మూతి తెరిచి ఉండే ట్యూబ్) అయితే వెనక అద్దం స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పిన ప్రతిసారీ నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చాకే చూడండి, పక్కన ఉన్నప్పుడు చూస్తే తప్పుదారి పట్టిస్తుంది. దాదాపు సరిపోయాక ఫోకస్‌కు బాగా దగ్గరగా తెచ్చి ఇంకోసారి సరిచూడండి. పొద్దున లేజర్ పెట్టి సరిచేశాం కదా అంటారు. లేజర్ దాని గొట్టంలోనే సరిగ్గా లేకపోవచ్చు, మోసుకొచ్చేటప్పుడు అద్దం కదలొచ్చు. చివరి మాట నక్షత్రానిదే.

రెండోది కదలిక. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. బిళ్లను ఒక అర నిమిషం ఊరికే చూస్తూ ఉండండి. సన్నటి గీతలు వేగంగా ఒకే దిశలో దూసుకుపోతుంటే అది పైన వీచే జెట్ స్ట్రీమ్, మీ చేతుల్లో లేదు. బిళ్లంతా కుతకుత ఉడుకుతున్నట్టు ఉంటే చుట్టుపక్కల కాంక్రీటు, గోడలు, ఇంటి కప్పులు పగలు పీల్చుకున్న వేడిని వదులుతున్నాయి. టెలిస్కోప్‌ను మట్టి మీదికో గడ్డి మీదికో మార్చండి, గ్రహం ఇంటి కప్పు మీదుగా కనిపించే చోటు వద్దు. అలా కాకుండా బిళ్ల లోపల ఏదో మెల్లగా, బద్ధకంగా, అగరుబత్తి పొగలా పాకుతుంటే, లేదా బిళ్ల ఎప్పుడూ ఒకే పక్క నొక్కుకుపోయినట్టు ఉంటే, సమస్య ఆకాశంలో లేదు. మీ ట్యూబ్‌లోనే ఉంది.

లక్షణం: ఫోకస్ సరిగ్గా దొరకదు, కొలిమేషన్ బాగానే ఉంది, అయినా మసకే

నన్ను చాలా రాత్రులు తిప్పలు పెట్టిన కారణం ఇదే: అద్దంలో మిగిలిపోయిన వేడి. దీన్ని ఎక్కువమంది పట్టుకోలేకపోవడానికి కారణం, అది చెడు సీయింగ్‌లాగే, అంటే పైన వాతావరణం అల్లాడుతున్నట్టే, కనిపించడం. ఒక్కోసారి కొలిమేషన్ తప్పినట్టూ కనిపిస్తుంది, అప్పుడు బాగున్న స్క్రూలను తిప్పి చెడగొట్టుకుంటారు. అర్ధరాత్రి దాటాక చిత్రం తేటపడితే "సీయింగ్ బాగుపడింది" అనుకుంటారు. చాలాసార్లు బాగుపడింది ఆకాశం కాదు, అద్దం చల్లబడింది.

జరిగేది ఇది. అద్దం మందపాటి గాజు, వేడిని తొందరగా వదలదు. చుట్టూ ఉన్న గాలి కంటే అది రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నా చాలు, దాని ముఖం మీద వెచ్చటి గాలి పొర ఒకటి ఏర్పడి కదులుతూ ఉంటుంది. వెచ్చటి గాలి, చల్లటి గాలి కాంతిని ఒకేలా వంచవు. పైగా గ్రహం కాంతి ఆ పొరను అద్దం మీదికి వస్తూ ఒకసారి, తిరిగి వెళ్తూ ఒకసారి దాటాలి. 200 మి.మీ. వెడల్పు టెలిస్కోప్ విడదీయగల అతి చిన్న దూరం సుమారు 0.58 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు). గురుడు మొత్తం కలిపి 45 ఆర్క్‌సెకన్ల చుట్టుపక్కల ఉంటాడు. అంత సన్నటి వివరాన్ని చెరిపేయడానికి ఆ వెచ్చటి పొర చాలు.

మూసి ఉండే ష్మిట్-కాసెగ్రెయిన్, మాక్సుటోవ్ గొట్టాల్లో ఇంకో చిక్కుంది. వెచ్చటి గాలి బయటికి పోయే దారి లేక ట్యూబ్ లోపల పైభాగానికి చేరి అక్కడే పాకుతుంది. బిళ్ల ఒక పక్క నొక్కుకుపోయినట్టు కనిపించేది అందుకే.

నమ్మకం కలగకపోతే ఒక పని చేయండి. నక్షత్రం బిళ్లగా కనిపిస్తున్నప్పుడు ఇంకొకరిని ట్యూబ్ మూతికి ముందు, కింది అంచు దగ్గర చెయ్యి పెట్టమనండి. స్క్రీన్ మీద వేళ్ల నీడ పడుతుంది, ఆ వేళ్ల నుంచి వేడి గాలి తీగలు తీగలుగా లేచి బిళ్లంతా పాకడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక మనిషి అరచేతి వేడి అంత పని చేస్తుంది. ఇప్పుడు చెయ్యి తీసేయమని చెప్పి కాసేపు ఆగండి. అలాంటి తీగలే ఇంకా కదులుతుంటే అవి అద్దం నుంచి వస్తున్నవి.

వేడా, లేక అద్దంలోనే లోపమా అని అనుమానం ఉంటే, ట్యూబ్ రింగుల్లో తిరిగే రకమైతే దాన్ని పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. కెమెరా కూడా ట్యూబ్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి, అద్దం లోపమైతే స్క్రీన్ మీద నొక్కు ఉన్నచోటే ఉంటుంది. వేడైతే నొక్కు పక్కకు జరుగుతుంది, ఎందుకంటే వేడి గాలి ట్యూబ్ ఎటు తిరిగినా పైకే పోతుంది.

పరిష్కారానికి వస్తే, టెలిస్కోప్‌ను ముందుగా బయట పెట్టడం అందరికీ తెలిసిందే. కానీ "గంట ముందు పెట్టాను" అన్న లెక్క నమ్మొద్దు. ఆ గంటలో బయటి గాలి ఎంత చల్లబడిందో, అద్దం ఎంత చల్లబడిందో గడియారానికి తెలియదు. చిన్న డిజిటల్ థర్మామీటర్ ప్రోబ్‌ను అద్దం వెనక టేపుతో అంటించి, గాలి ఉష్ణోగ్రతతో పోల్చండి. తేడా ఒక డిగ్రీ లోపుకు వచ్చేదాకా తీసిన వీడియోలను ప్రాక్టీసు కిందే లెక్కేసుకోండి.

న్యూటోనియన్ అయితే అద్దం వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెట్టండి. ఈ అభిరుచిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చేది ఇంకోటి నేను చూడలేదు. ఫొటో తీసేటప్పుడూ దాన్ని ఆపొద్దు. రాత్రంతా గాలి చల్లబడుతూనే ఉంటే అద్దం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది, ఫ్యాన్ ఆపగానే వెచ్చటి పొర మళ్లీ కూడుకుంటుంది. అదురుతుందని భయపడేవాళ్లు దాన్ని రబ్బరు బ్యాండ్లతో వేలాడదీసి తక్కువ వేగంలో నడపండి. ఫ్యాన్ ఒకసారి ఆపి, ఒకసారి వేసి నక్షత్రాన్ని చూస్తే అదురుతోందో లేదో వెంటనే తెలుస్తుంది.

మూసిన ట్యూబ్‌కు దారి వేరు. చల్లబరచడానికి పాట్లు పడే బదులు, మెరిసే బబుల్ ఫాయిల్ ఒక పొర ట్యూబ్ చుట్టూ చుట్టేయండి. వేడి పోవాల్సినదానికి దుప్పటి కప్పడమేంటని చాలామంది ఒప్పుకోరు. కానీ ఇక్కడ ఇబ్బంది పెట్టేది వేడి ఒక్కటే కాదు, లోపల ఒకచోటికీ ఇంకోచోటికీ ఉన్న తేడా. తేటగా ఉన్న ఆకాశం కింద ట్యూబ్ పైభాగం వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. లోపల అద్దమేమో వెచ్చగా ఉంటుంది. ఆ తేడాతోనే గాలి తిరుగుతుంది. ఫాయిల్ చుడితే ట్యూబ్ అంతా నెమ్మదిగా, సమానంగా మారుతుంది, గాలి నిలకడగా ఉంటుంది.

రెండు విషయాలు తప్పకుండా గుర్తుంచుకోండి. టెలిస్కోప్‌ను ఏసీ గదిలో దాచొద్దు. అక్కడి నుంచి తేమ గాలిలోకి తెస్తే అద్దానికి మంచు పడుతుంది. ఇక డ్యూ హీటర్‌ను ఫుల్‌లో పెట్టకండి, ముందు గాజుకు మంచు పట్టకుండా ఉండేంత చాలు. అంతకు మించితే మనమే ట్యూబ్ మూతి దగ్గర వేడి పుట్టించినట్టు.

లక్షణం: గ్రహం ఒక అంచు నీలంగా, ఎదురు అంచు ఎర్రగా

గ్రహం ఆకాశంలో కిందికి ఉంది, వాతావరణం రంగులను విడదీస్తోంది. నడినెత్తికి దగ్గరగా వచ్చే సమయం చూసి తీయండి. 30 డిగ్రీల కంటే కిందికి ఉంటే ఏడీసీ (విడిపోయిన రంగులను మళ్లీ కలిపే పరికరం) పెట్టాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో రంగుల ఛానెళ్లు జరిపితే కొంత సర్దుకుంటుంది కానీ, ఒక్కో ఛానెల్ లోపలే సాగిపోయిన వివరం తిరిగి రాదు.

లక్షణం: లైవ్‌లో బాగుంది, స్టాక్ చేస్తే పట్టీల వివరం సాగిపోయింది

వీడియో ఎక్కువసేపు తీశారు. గురుడు 10 గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు. గ్రహం మధ్యలో ఉన్న మచ్చ నిమిషానికి దాదాపు 0.24 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. 200 మి.మీ. టెలిస్కోప్‌కు అంటే రెండు నిమిషాలు దాటితే చాలు, మసక మొదలవుతుంది. ఎక్కువ ఫ్రేములు కావాలంటే రెండేసి నిమిషాల వీడియోలు కొన్ని తీసి విన్‌జూపోస్ సాఫ్ట్‌వేర్‌లో డీరొటేట్ చేయండి (గ్రహం తిరిగిన తేడాను సరిచేయండి). శనికి ఇంత తొందర లేదు.

స్టాక్ శాతం కూడా చూసుకోండి. సగం ఫ్రేములు కలిపేస్తే చెడ్డవీ కలుస్తాయి. సీయింగ్ అంతంత మాత్రంగా ఉన్న రాత్రి మంచివి 10 నుంచి 20 శాతం తీసుకుంటే చాలు.

లక్షణం: గరుకుగా ఉంది, షార్పెన్ చేస్తే అంచు చుట్టూ వలయాలు

ఫ్రేములు తక్కువ, షార్పెనింగ్ ఎక్కువ. నాయిస్ వస్తుందని గెయిన్ తగ్గించి ఎక్స్‌పోజర్ 30 మిల్లీసెకన్లు పెడుతున్నారేమో చూడండి. గురుడికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు చాలు, గెయిన్ పెంచి హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) 60-70 శాతం దగ్గర ఉంచండి. వేల ఫ్రేములు కలిశాక నాయిస్ తగ్గుతుంది, కానీ పొడవాటి ఎక్స్‌పోజర్‌లో కదిలిన వివరం తిరిగి రాదు. ఫ్రేము రేటు రాకపోతే రికార్డ్ చేసే భాగాన్ని గ్రహం చుట్టూ చిన్నగా కత్తిరించండి, కెమెరా యూఎస్‌బీ 3 పోర్టులోనే ఉందో లేదో చూడండి.

లక్షణం: గ్రహం మరీ చిన్నగా, లేదా పెద్దగా ఉన్నా చప్పగా

ఎఫ్ నిష్పత్తి (ఫోకల్ దూరాన్ని టెలిస్కోప్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) మైక్రాన్లలో చెప్పే పిక్సెల్ సైజుకు సుమారు 5 రెట్లు ఉండాలి. 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కు ఎఫ్/15 చుట్టుపక్కల. ఎఫ్/5 న్యూటోనియన్‌కు 3ఎక్స్ బార్లో, ఎఫ్/10 ట్యూబ్‌కు 1.5ఎక్స్ సరిపోతాయి. ఎఫ్/30కి తీసుకెళ్తే వెలుగు పల్చబడుతుంది తప్ప కొత్త వివరం రాదు.

కుజుడి విషయంలో పరికరాలను అనుమానించే ముందు ఆ రోజు అతని సైజు ఎంతో చూడండి. 2018 జులైలో 24 ఆర్క్‌సెకన్లు దాటాడు, 2027 ఫిబ్రవరిలో దగ్గరికొచ్చినప్పుడు కూడా 14 లోపే. మిగతా కాలంలో చాలా రోజులు అందులో సగం కూడా ఉండడు. 2018లో అంత పెద్దగా ఉన్నా గ్రహమంతా కమ్మిన ధూళి తుఫాను వల్ల చాలామందికి నారింజ బిళ్లే మిగిలింది. వాళ్ల టెలిస్కోపులకు ఏమీ కాలేదు.

అరుదైనవి

ఫోకస్ తప్పించిన బిళ్ల మూడు మూలలుగా ఉంటే అద్దాన్ని పట్టుకున్న క్లిప్పులు బిగుసుకున్నాయి, కాస్త వదులు చేయండి. బార్లో మీద అనుమానముంటే తీసేసి నక్షత్రాన్ని చూడండి, అంతకు మించి దాని వెంట పడొద్దు. వెలుగు గంటగంటకూ తగ్గుతుంటే టార్చి వేసి ముందు గాజుకు, సెకండరీకి మంచు పట్టిందేమో చూడండి. ఇక అద్దం మీద దుమ్ము ఉందని కడగాలనుకునేవాళ్లకు: కొద్దిపాటి దుమ్ము వల్ల గ్రహాల వివరం పోదు, తొందరపడి తుడిస్తే పడే గీతలు మాత్రం ఉండిపోతాయి.