పిల్లల సృజనాత్మక ఆలోచననూ, సొంతంగా చదువుకునే తీరునూ ఎలా కొలవాలి?

బి.ఎడ్., ఎం.ఎడ్. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే విశాఖ బడుల్లో ఒకటే తంతు. ఎక్కడో దొరికిన ప్రశ్నావళిని జిరాక్స్ తీయించి, "నాకు కొత్త కొత్త ఆలోచనలు వస్తుంటాయి" అనే వాక్యం ఎదురుగా టిక్కు పెట్టించి, అంకెలు కూడి సగటు తీసి, దానికి 'సృజనాత్మకత' అని పేరు పెట్టేస్తారు. అలా కొలిచింది పిల్లవాడికి తన మీద తనకున్న అభిప్రాయాన్ని. బిడియస్తుడికి తక్కువ మార్కులు, గొప్పలు చెప్పుకునేవాడికి ఎక్కువ మార్కులు వస్తాయి. ఆలోచనను కొలవాలంటే ఆలోచించే పని ఇవ్వాలి. చదువుకునే తీరును కొలవాలంటే చదువుతున్నప్పుడు ఏం చేశాడో చూడాలి. ఇక్కడ చెప్పే పద్ధతి 8, 9 తరగతుల పిల్లలకు, 40 మంది వరకూ ఉన్న ఒక సెక్షన్‌కు సరిపోతుంది.

కావలసినవి

రెండు పీరియడ్లు, తర్వాత ఒక వారం డైరీ. ఏ4 కాగితాలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక ఎక్సెల్ షీటు, జవాబులు దిద్దడానికి ముగ్గురు. తల్లిదండ్రుల సంతకం, హెడ్మాస్టర్ అనుమతి ఉండాలి. ప్రభుత్వ బడికి బయటి నుంచి వెళ్తుంటే జిల్లా విద్యాశాఖ అనుమతి కూడా తీసుకోండి. కాగితాల మీద పేర్లు వద్దు, కోడ్ నంబర్లు చాలు. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితాను దిద్దేవాళ్ల కంట పడకుండా విడిగా దాచండి.

1. వస్తువులు ఎంచుకోండి

పని చాలా సులువు. ఒక మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఎన్ని రకాలుగా వాడొచ్చో రాయమనాలి. సృజనాత్మకత మీద అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు శ్రద్ధ పెట్టడానికి 1950లో గిల్‌ఫర్డ్ చేసిన ప్రసంగం ఊతమైంది. ఈ ఉపయోగాల పరీక్షకు పేరు తెచ్చినవాడూ ఆయనే. 1966లో టోరెన్స్ పరీక్షలు, తర్వాత మన దేశంలో బాకర్ మెహదీ పరీక్ష ఇదే దారిలో వచ్చాయి. అచ్చు పరీక్ష కొనుక్కుంటే కొనుక్కోండి. కానీ దాంతో వచ్చే ప్రమాణాల పట్టికను ఇప్పటి గాజువాక పిల్లలకు తగిలించకండి. ఎప్పుడో, ఎక్కడో, వేరే పిల్లలతో కట్టిన లెక్క అది.

మూడు వస్తువులు చాలు: కొబ్బరి చిప్ప, పాత చీర, ఇటుక. ఇవి తెలియని ఇల్లు ఉండదు. చేపల వల పెట్టకండి. పెదజాలారిపేట పిల్లలకు దాని గురించి తెలిసినంత ఎంవీపీ కాలనీ పిల్లలకు తెలియదు, అప్పుడు మీరు కొలిచేది పరిచయాన్ని. ఖాళీ వాటర్ బాటిల్ అసలే వద్దు. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించే పోటీ జరగని బడి లేదు కాబట్టి పెన్ స్టాండు, పూలకుండీ, డిబ్బీ అని అందరూ కంఠతా వచ్చినట్టు రాసేస్తారు.

2. పరీక్ష పెట్టండి

ఉదయం రెండో పీరియడ్ మంచిది. మధ్యాహ్న భోజనం అయ్యాక, ఏప్రిల్ ఉక్కలో, ఫ్యాను తిరగని గదిలో పెడితే కొలిచేది నిద్రమత్తునే. వస్తువుకు ఒక పేజీ, మూడు నిమిషాలు. పేజీల వరుస అందరికీ ఒకటే ఉండకూడదు. ఒక వరుస బెంచీకి చిప్ప, చీర, ఇటుక అయితే పక్క వరుసకు చీర, ఇటుక, చిప్ప. పక్కవాడి కాగితంలోకి తొంగి చూడటం మామూలు పరీక్షలో ఒకడి మార్కును పాడుచేస్తుంది. ఇక్కడ మాత్రం ఒక అరుదైన జవాబు ఇద్దరు ముగ్గురి కాగితాల్లోకి పాకి, తరగతి మొత్తం లెక్కనే తారుమారు చేస్తుంది.

సూచనలు కాగితం మీద రాసుకుని అక్షరం మార్చకుండా చదవండి. "మిగతావాళ్లకు తట్టని ఉపయోగాలు రాయడానికి ప్రయత్నించండి" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ మాట చెప్పిన తరగతికీ చెప్పని తరగతికీ ఫలితాల్లో బాగా తేడా వస్తుంది, కాబట్టి ఒక సెక్షన్‌లో చెప్పి ఇంకో సెక్షన్‌లో మరిచిపోతే రెంటినీ పోల్చడం దండగ. ఉదాహరణ ఇవ్వాల్సి వస్తే గొడుగు మీద ఇవ్వండి, కొబ్బరి చిప్ప మీద వద్దు. నోరు జారి "గరిటె చేయొచ్చు కదా" అన్నారా, తరగతి తరగతంతా గరిటెలే. "ఎన్ని రాయాలండీ?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. "వచ్చినన్ని" అనండి, అంకె చెప్పొద్దు. తెలుగు, ఇంగ్లీషు, రెండూ కలిపిన భాష ఏదైనా ఫర్వాలేదు, అక్షర దోషాలకు మార్కులు కోయం అని ముందే చెప్పండి.

మూడు నిమిషాలూ పూర్తిగా ఇవ్వండి. మొదట వచ్చేవన్నీ అందరికీ తట్టేవే, కొత్తవి చివర్లో వస్తాయి. పిల్లలు పెన్నులు కింద పెట్టారని రెండు నిమిషాలకే ఆపేసేవాళ్లు అసలు సరుకును వదిలేస్తున్నట్టే. సమయం కట్టడి లేకుండా ఆటలా సాగాలన్న వాదం అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు వాలక్, కోగన్ 1965లోనే చేశారు. అందులో నిజం ఉంది, కానీ బడి గంట మన మాట వినదు. మూడు పేజీలూ అయ్యాక ఆఖరున అర నిమిషం ఇచ్చి, తమ మొత్తం జవాబుల్లో తమకు అన్నిటికన్నా కొత్తగా అనిపించిన రెండిటి పక్కన చుక్క పెట్టమనండి. ఈ చుక్కల సంగతి మరిచిపోవద్దు.

3. దిద్దడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ముందు ప్రతి జవాబునూ ఎక్సెల్‌లో ఒక్కో వరుసగా టైపు చేయించండి. దిద్దేవాళ్ల చేతికి అసలు కాగితాలు వెళ్లకూడదు. ముత్యాల్లాంటి దస్తూరి చూస్తే చెయ్యి దానంతటదే ఇంకో మార్కు వేస్తుంది. ఒకే పిల్లవాడి జవాబులు వరుసగా కనబడినా ఇదే బెడద, అందుకే టైపు చేశాక వరుసలను కలగాపులగం చేయండి.

తర్వాత పనికిరానివి కొట్టేయాలి. కొబ్బరి చిప్పకు "తినడానికి" అంటే అది కొబ్బరి, చిప్ప కాదు. కొట్టేయండి. "బొమ్మకు హెల్మెట్" అంటే నవ్వొచ్చినా ఉంచండి. వస్తువు ఆ పని చేయగలిగితే చాలు, అది మనకు మర్యాదగా అనిపించనక్కర్లేదు.

మిగిలినవాటి సంఖ్యే ధారాళత. అవి ఎన్ని రకాల్లోకి వస్తాయో అది నమ్యత. "నీళ్లు తాగడానికి, టీ తాగడానికి, గంజి తాగడానికి, మజ్జిగ తాగడానికి" అని రాసిన పిల్లకు ధారాళత 4, నమ్యత 1. "పిచ్చుకలకు నీళ్లు పెట్టడానికి, పాటకు తాళం వేయడానికి, పొయ్యిలోకి, గోడకు అలంకారంగా తగిలించడానికి" అన్నవాడికి ధారాళత 4, నమ్యత 4. రకాల జాబితాను దిద్దడానికి ముందే తయారుచేసుకోవాలి: పాత్ర, వంటచెరకు, వాయిద్యం, ఆటవస్తువు, అలంకారం, పనిముట్టు, జంతువుల కోసం, ఇలా. దిద్దుతూ దిద్దుతూ కొత్త రకాలు పుట్టిస్తే మొదటి పది కాగితాలకు ఒక న్యాయం, చివరి పదికి ఒక న్యాయం అవుతుంది. కొత్త రకం తప్పదనుకుంటే చేర్చండి, కానీ మళ్లీ మొదటి నుంచి దిద్దండి. బద్ధకించొద్దు.

ఇక కొత్తదనం. ఆ తరగతిలో ఎంత తక్కువమంది రాస్తే జవాబు అంత అరుదు, దానికి మార్కు. ఒక శాతం కన్నా తక్కువమంది రాస్తే రెండు మార్కులు అని కొన్ని పద్ధతుల్లో ఉంటుంది. నలభై మందిలో ఒక శాతం అంటే పిల్లవాడిలో సగం కూడా కాదు! చిన్న తరగతికి 5 శాతం గీత పెట్టుకోండి, అంటే ఇద్దరు లేదా అంతకన్నా తక్కువమంది రాసినదానికి ఒక మార్కు. అంతకు మించి మెట్లు వద్దు.

ఈ లెక్క మొత్తం ఏ జవాబులను ఒకటిగా కలుపుతామన్న దాని మీదే నిలబడుతుంది. "మొక్క పెట్టడానికి" ఎనిమిది మంది రాశారు, "పూలకుండీ" ఐదుగురు, "మిరప నారు పోయడానికి" ఒకరు అనుకోండి. మూడూ ఒకటే అంటే పద్నాలుగు మంది, ఎవరికీ మార్కు లేదు. విడివిడిగా చూస్తే నారు పోసిన పిల్లకు మార్కు. ఏది సరి? కలపడానికి నియమం ముందే రాసుకోవాలి: రెండిటికీ ఒకే ఫొటో సరిపోతే అది ఒకే జవాబు. దీని ప్రకారం మొదటి రెండూ కలుస్తాయి, మూడోది విడిగా ఉంటుంది. ఈ నియమం నచ్చకపోతే మరొకటి పెట్టుకోండి, కానీ ఏదో ఒకటి కాగితం మీద ఉండి తీరాలి. అది లేకుండా వచ్చిన కొత్తదనం అంకెను నమ్మడానికి లేదు.

రెండో చిక్కు ఇంకా మోసకారి. ఎక్కువ రాసినవాడికి అరుదైనవి కూడా ఎక్కువే తగులుతాయి. పన్నెండు రాసి మూడు అరుదైనవి తెచ్చుకున్న పిల్లవాడికి 3, నాలుగే రాసి రెండు తెచ్చుకున్న అమ్మాయికి 2. కూడికతో చూస్తే కొత్తదనం పేరుతో మళ్లీ ధారాళతనే కొలిచినట్టు. సరే, భాగిద్దాం అంటారు కొందరు: 0.25, 0.50. అప్పుడు ఒక్కటే రాసి అది అరుదైనదైతే వాడికి పూర్తి 1! ఇదీ అన్యాయమే.

పిల్లలు పెట్టిన చుక్కలు ఇందుకే. చుక్క పెట్టిన రెండు జవాబులనే తీసుకుని, ముగ్గురు దిద్దేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా 1 నుంచి 5 దాకా మార్కులు వేయాలి. ఆరు అంకెల సగటే ఆ పిల్లవాడి కొత్తదనం. ఎన్ని రాశాడన్నది ఇక్కడ అడ్డురాదు. పైగా తన ఆలోచనల్లో మంచిదేదో తాను గుర్తుపట్టగలడా అన్నది కూడా ఇందులోకి వస్తుంది. ఈ రంగం తెలిసినవాళ్లు విడివిడిగా మదింపు చేసినా వాళ్ల మార్కులు కలిస్తే అదే కొలత అన్న పద్ధతిని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అమాబిలే 1982లో నిలబెట్టింది. అరుదు లెక్క కన్నా నూటికి నూరుపాళ్లు ఇదే మేలు. ఒక మెలిక: ముగ్గురిలో ఒకరైనా ఆ బడి బయటివాళ్లు అయి ఉండాలి.

అసలు దిద్దుడు మొదలెట్టే ముందు ఒక 60 జవాబులను ఇద్దరు విడివిడిగా రకాల్లో వేసి చూడండి. 51 చోట్ల కలిస్తే 85 శాతం. 80 దాటకపోతే ఆగి, ఎక్కడ విడిపోయారో చూసి, నియమాన్ని సవరించి, వేరే 60 మీద మళ్లీ ప్రయత్నించండి. కాకతాళీయంగా కలిసినవాటిని తీసేసి చూపే కోహెన్ కప్పా విలువను నివేదికలో తప్పకుండా ఇవ్వండి.

4. సొంతంగా చదువుకునే తీరు

సొంత చదువు గురించి అమెరికా విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త జిమ్మర్‌మన్ చెప్పిన మూడు దశలు గుర్తుంటే చాలు: ముందు ప్రణాళిక, చదువుతుండగా తనను తాను గమనించుకోవడం, తర్వాత సమీక్ష. మూడిటికీ మూడు ఆధారాలు కావాలి.

ప్రశ్నావళి కావాలంటే చదువు మీద ఆసక్తినీ, చదివే పద్ధతులనూ అడిగే ఎంఎస్‌ఎల్‌క్యూ (మోటివేటెడ్ స్ట్రాటజీస్ ఫర్ లెర్నింగ్ క్వశ్చనేర్) ఉంది, పింట్రిచ్ బృందం 1991లో ఇచ్చింది. 81 అంశాలు, ఏడు మెట్ల స్కేలు, కాలేజీ విద్యార్థుల కోసం చేసింది. బడి పిల్లలకు 1990 నాటి 44 అంశాల రూపం నయం. ఒకే సబ్జెక్టు మీద అడగండి, లెక్కలంటే లెక్కలే. తెలుగు చేసేటప్పుడు "నేను మధ్యలో మానేయను" లాంటి వాక్యాలకు "అంగీకరించను" అనే గడి పెడితే తొమ్మిదో తరగతి పిల్లవాడు చిక్కుపడిపోతాడు. వాక్యాన్ని నిశ్చయంగా రాయండి. ప్రశాంతమైన చోట కూర్చుని చదువుతారా అనే తరహా అంశాలు ఆరిలోవలో ఒకే గది ఇంట్లో ఉన్న పిల్లను అడిగితే ఇంటి కొలతే తెలుస్తుంది. హాస్టల్ పిల్లల్ని సమయపాలన గురించి అడిగితే వార్డెన్ గంట గురించి తెలుస్తుంది. అలాంటివాటిని తీసేసి, తీసేశామని నివేదికలో రాయండి.

ప్రశ్నావళి కన్నా నమ్మకమైనది అంచనా చీటీ. 25 మార్కుల యూనిట్ టెస్టుకు ముందు "ఎన్ని వస్తాయి?" అని ఒక చీటీ, రాసిన వెంటనే "ఎన్ని వచ్చి ఉంటాయి?" అని ఇంకో చీటీ. అసలు మార్కుతో తేడా చూడండి. తరగతి సగటు తీసేటప్పుడు కూడిక, తీసివేత గుర్తులను తొలగించాలి. లేకపోతే 8 ఎక్కువ ఊహించినవాడూ 8 తక్కువ ఊహించినదీ కలిసి సున్నా అయిపోయి, తరగతికి తన గురించి బ్రహ్మాండంగా తెలుసన్నట్టు కనబడుతుంది. గుర్తులతో ఉన్న సగటును పక్కన విడిగా ఇవ్వండి. 24 వచ్చిన పిల్లకు ఎక్కువగా ఊహించుకోవడానికి ఒక్క మార్కు చోటే ఉందన్నది కూడా గుర్తుంచుకోండి.

మూడోది ఐదు రోజుల డైరీ, రోజుకు నాలుగు గడులు: ఏం చేద్దామనుకున్నాను, ఏం చేశాను, ఎక్కడ ఆగిపోయాను, అప్పుడేం చేశాను. "లెక్కలు చదువుతా" అంటే 1 మార్కు. "త్రిభుజాల అభ్యాసంలో మొదటి ఐదు లెక్కలు, ఏడు గంటలకు" అంటే 2. ఖాళీ గడికి 0. ఏ రోజుది మర్నాడు పొద్దున్నే సేకరించండి. శనివారం ఒకేసారి అడిగితే శుక్రవారం రాత్రి ఐదు రోజులవీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసి తెస్తారు.

5. రెండూ పక్కపక్కన పెట్టేటప్పుడు

సృజనాత్మకత మార్కునూ చదువు తీరు మార్కునూ కలిపి ఒక్క అంకె చేయకండి. విడివిడిగా ఉంచి, ముందు గ్రాఫు మీద చుక్కలు పెట్టి చూడండి. నలభై మంది ఉన్నప్పుడు సహసంబంధం, అంటే రెండు మార్కులూ ఎంతగా కలిసి నడుస్తాయో చూపే అంకె, సుమారు 0.31 దాటితేనే 5 శాతం స్థాయిలో (అసలు సంబంధం లేకున్నా కాకతాళీయంగా అంత వచ్చే అవకాశం 5 శాతంలోపు) లెక్కలోకి వస్తుంది. 0.2 వచ్చిందని తీర్మానాలు రాయొద్దు. విడి పిల్లల మార్కులను తల్లిదండ్రులకు ఇవ్వొద్దు. మూడు వస్తువుల మీద వచ్చిన అంకెను ప్రోగ్రెస్ కార్డులో పెడితే మర్నాటికల్లా దానికీ ట్యూషన్ మొదలవుతుంది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిచి ఎదుగుదల చూడాలంటే అవే వస్తువులు పనికిరావు, పిల్లలు ఈలోపు వాటి గురించి మాట్లాడుకునే ఉంటారు. పాత దినపత్రిక, చెప్పుల పెట్టె, తాడు అని రెండో సెట్టు సిద్ధం చేసుకోండి. మొదటిసారే సగం తరగతికి ఆ సెట్టు, సగానికి ఈ సెట్టు ఇచ్చి, రెండోసారి తారుమారు చేయండి. అప్పుడు తేడా పిల్లల్లో వచ్చిందో, తాడు కన్నా ఇటుక కష్టం కావడం వల్ల వచ్చిందో తెలుస్తుంది.